ఖాతాదారు పేరు స్పష్టంగా చెప్పండి

ఆ వేసవిలో మా తాత ఫోను దాదాపు రెండు వారాలు పులిసింది.

మామూలుగా మా నారిన్ కొండల్లో పులిసేది గుర్రప్పాలు. గుడారంలో తలుపు పక్కన పెద్ద తోలుసంచీలో పోసి పెడతాం. లోపలికి ఎవరొచ్చినా ముందు కవ్వం పట్టుకుని నాలుగు పోట్లు పొడిచిగాని కూర్చోకూడదు. అది మర్యాద. ఆ రోజు తాత కూడా లోపలికొచ్చి కవ్వం పట్టుకున్నాడు. చిలుకుతూ చిలుకుతూ పక్కకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు, మూడూ ఒకేసారి పని మానేశాయి. ఆ ఒరగడంలో చొక్కా జేబులోంచి ఫోను సంచీలోకి జారితే ఎవరు చూస్తారు? నాన్న ఆయన్ని పక్క గుడారం వాళ్ళ కారులో వేసుకుని జిల్లా ఆసుపత్రికి పరిగెత్తాడు.

తరవాత పరామర్శకి లోయ లోయంతా వచ్చింది. వచ్చినవాళ్ళంతా మర్యాద తెలిసినవాళ్ళే. కళ్ళు తుడుచుకుంటూ చిలికారు. ముక్కు చీదుకుంటూ చిలికారు. ప్రపంచంలో ఇంతమంది చేతులు పడి, ఇంత దుఃఖంతో చిలకబడ్డ ఫోను ఇంకోటి ఉండదని నేను పందెం కాస్తాను.

చివరికి అది సుయున్‌బాయ్ బాబాయి గిన్నెలో బయటపడింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి, దానికంటిన పాలు వృథా పోకుండా చీకి, పక్కన పెట్టాడు.

"ఈసారి కాస్త ఘాటెక్కువైంది పెద్దమ్మా," అన్నాడు మా నానమ్మతో.

నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు మధ్యలో అమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఎందుకంటే మా గుర్రాల మంద మొత్తం ఆ ఫోనులోనే ఉంది.

వసంతంలో రాజధాని నుంచి ఒక కుర్రాడొచ్చి మెడపట్టీలు అమ్మి వెళ్ళాడు. పోతుగుర్రం మెడకి ఒకటి, మంద ముందు నడిచే ముసలి ఆడగుర్రం మెడకి ఒకటి. ఫోనులో మ్యాపు తెరిస్తే రెండు పచ్చచుక్కలు మెరుస్తాయి. చుక్కలెక్కడుంటే మంద అక్కడ. జీవితమంతా మంద పక్కనే వానలో పడుకున్న తాత ఆ చుక్కల్ని చూసి చంటిపిల్లాడైపోయాడు.

"ఇంక నేను పరుపు మీద పడుకుని గుర్రాలు కాస్తానే కుందుజ్," అన్నాడు నాతో.

ఆ ఏడు కాపరిని పెట్టుకోలేదు. పాలిచ్చేవాటిని గుడారం దగ్గర ఉంచుకుని మిగతా మందని దూరపు లోయలోకి వదిలేశాం. ఆ పట్టీల కుర్రాడు తాత చేత టోపీ తీయించి, అటూ ఇటూ తిప్పించి, ఆయన ముఖాన్ని ఫోనులో నింపాడు. పాస్‌పోర్టులో ఉన్న పేరు ఉన్నట్టు నింపాడు. ఆఖర్న, "మీరు అందుబాటులో లేకపోతే మీ తరఫున మాట్లాడ్డానికి నమ్మకమైన మనిషి గొంతు ఒకటి కావాలి పెద్దాయనా," అన్నాడు.

కొడుకున్నాడు. పెళ్ళాం ఉంది. లోయలో ఎవరి గొంతైనా దింపేసే నేనున్నాను. తాత మా వంక చూడనైనా చూడలేదు. "మా కోడలిది తీసుకో," అన్నాడు.

అమ్మ చేతులకంటిన పిండి దులుపుకుని, "నేను బాత్మాని. ఇది నా గొంతు," అని ఫోనుకి చెప్పి, రొట్టె మాడిపోతోందని లోపలికి వెళ్ళిపోయింది.

తాతని ఆసుపత్రిలో ఉంచినన్నాళ్ళూ మందని ఎవరు చూస్తారు? ఆయన్ని తిరిగి కొండకి తీసుకొచ్చాక నాన్న గుర్రమెక్కి దూరపు లోయకి వెళ్ళాడు. అక్కడ పేడ ఉంది, గిట్టల గుర్తులున్నాయి. గుర్రాలు లేవు.

ఇంటికి పంపేముందు డాక్టరు ఒక మాట చెప్పాడు. "నాలుక చచ్చిపోలేదు. దారి మర్చిపోయింది. అలవాటున్న గొంతుతో పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. ఎప్పుడో పలుకుతాడు."

మేమందరం ఆసుపత్రి కప్పువైపు చూశాం. అక్కడ మా ఇంట్లోవాళ్ళ అలవాటున్న గొంతులన్నీ ఉన్నాయి, కానీ ఆ పేరు పెట్టి పిలవగలిగిన గొంతు ఒక్కటి లేదు. భార్య భర్త పేరు అనదు. కోడలు మామగారి పేరు అసలే అనదు. కొడుకూ మనవరాలూ ఎలాగూ అనరు. ఆయన్ని పేరుతో పిలిచే ఈడువాళ్ళలో ఆఖరివాడు మొన్న చలికాలం పోయాడు. నర్సు పిలిచి చూసింది. కొత్త గొంతు. తాత పలకలేదు.

మా తాత పేరు తెమిర్బెక్. తెమిర్ అంటే ఇనుము. అందువల్ల మా అమ్మ ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ ఇనుము అనే మాటే మానేసింది. పొయ్యి చట్రం, గడ్డపార, కారు, అన్నీ ఆవిడకి 'గట్టిదే'. "ఆ గట్టిదాన్ని తీసుకుని ఈ గట్టిదాన్ని నాలుగు బాదు," అంటే మేం అర్థం చేసుకోవాలి. ఇంట్లో విన్న భాషే కదా అని నేను స్కూల్లో 'తడి తగిలితే గట్టిది తుప్పు పడుతుంది' అని రాసి, రసాయనశాస్త్రంలో సున్నా తెచ్చుకున్నాను.

సరే, ఆ పులిసిన ఫోనుని ఎండబెట్టాం. నొక్కితే బుడగలొచ్చాయి. అమ్మ ఫోనులో ఆ పట్టీల యాప్ ఎక్కించాం. అది మమ్మల్ని చూసి గుర్తుపట్టలేదు. కింద ఒక నంబరిచ్చింది.

మా కొండ మీద సిగ్నల్ ఒక్కచోటే వస్తుంది, రాళ్ళ గుట్ట కొసన. అక్కడ నిలబడి చెయ్యెత్తితే ఒక గీత. చెయ్యెత్తి ఒంటికాలి మీద నిలబడితే ఒకటిన్నర. ఇంట్లో ఒంటికాలి మీద ఎక్కువసేపు నిలబడగలిగేది నేనే. నేను స్తంభం. నానమ్మ మాటలు. మొదటిరోజు ఫోనులోంచి ఒక తియ్యటి ఆడగొంతు వచ్చింది.

"స్వాగతం. మీ కాల్ మాకు ఎంతో విలువైనది."

"చల్లగా ఉండు తల్లీ," అంది నానమ్మ కింద నుంచి అరుస్తూ. "ఎవరి పిల్లవి నువ్వు?"

"మీ సమస్యను క్లుప్తంగా చెప్పండి."

"సమస్యకేం తొందర, చెప్తాలే. ముందు మీదే వంశం? మీ ముత్తాతెవరు?"

"క్షమించండి. నాకు అర్థం కాలేదు."

నానమ్మ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "పాపం, తాతముత్తాతల పేర్లు కూడా తెలీవు. ఎవరూ లేని పిల్లలా ఉంది."

"నానమ్మా, అది మిషను."

"ఎవరూ లేకపోతే మిషనైపోతారా? నోర్ముయ్."

ఆ ఎవరూ లేని పిల్ల మాకు చెప్పింది ఏమిటంటే: "ఈ లైసెన్సు ఒక్క ఫోనుకే చెల్లుతుంది. మీరు వేరే ఫోను నుంచి ప్రయత్నిస్తున్నారు. మీ మంద భద్రత కోసం, మీ మందను మీకు చూపించడం నిలిపివేశాం. దయచేసి పాత ఫోనులో 'అనుమతిస్తున్నాను' అని నొక్కండి."

"పాత ఫోను తాగి పడుంది," అన్నాను నేను.

"క్షమించండి. నాకు అర్థం కాలేదు. మా ప్రతినిధితో మాట్లాడేందుకు వేచి ఉండండి."

వేచి ఉన్నాం. వేచి ఉన్నంతసేపూ కోముజ్ తీగల మీద ఒకటే ముక్క వాయిస్తారు, తిప్పి తిప్పి. రోజూ అదే. కొన్నాళ్ళకి మా కుక్క ఆ పాటకి గొంతు కలపడం నేర్చింది. పాలు పితికేటప్పుడు నేను ఆ ముక్క కూనిరాగం తీస్తే ఆడగుర్రాలు పాలు ఎగబెట్టేవి. ప్రతినిధి మాత్రం రాలేదు. సిగ్నల్ పోయేది, వరసలో మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళం. నానమ్మ మొదట్లో ఆ పిల్లకి సంబంధాలు చూసింది. "గొంతులో విసుగన్నది లేదే, ఇలాంటి కోడలు దొరకాలంటే పెట్టిపుట్టాలి," అంది. తరవాత్తరవాత ఆ నోటితోనే, "నీ చుట్టమొచ్చి గుమ్మంలో నిలబడితే నీక్కూడా ఎవరూ తలుపు తియ్యకుండా పోవాలే," అని శపించింది. ఆ పిల్ల దానికి కూడా క్షమించమంది.

నవ్వులాటగా చెప్తున్నాను గాని ఆ రోజుల్లో మా గుడారంలో ఎవరూ ఎవరి మొహంలోకీ చూసేవారు కాదు. నాన్న పొద్దున్నే వెళ్ళేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. అడక్కూడదని మాకు తెలుసు. జీను దించే తీరు చూసి తెలుసుకునేవాళ్ళం. ఆ మంద మా చలికాలం తిండి, తాత మందులు, నా చదువు. మంద పోతే గొర్రెలున్నాయి కదా అనడానికి మాకు గొర్రెల్లేవు. తాత జీవితంలో నమ్మింది గుర్రాల్నే. ఆయన పరుపు మీద పడుకుని, కదిలే ఎడమచేత్తో ఖాళీ జేబు తడుముకుంటూ ఉండేవాడు. మందేది అని అడుగుతున్నాడని మా అందరికీ తెలుసు. రొట్టె కావాలేమో అని అందరం రొట్టె పెట్టేవాళ్ళం.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున కనుమల మీద తెల్లగా కనిపించింది.

నాన్న టీగిన్నె చేత్తో పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. "మంచు దిగుతోంది," అన్నాడు. "అవి తూర్పు కనుమ దాటైనా ఉండాలి, దక్షిణం కనుమ దాటైనా ఉండాలి. ఒకదానికే టైముంది. ఇవాళ వెళ్తే తోలుకురాగలను. తప్పు కనుమ ఎక్కానంటే, దిగేసరికి రెండోది మూసుకుపోతుంది."

"బొమ్మా బొరుసూ వేద్దామా?" అన్నాను.

నాన్న నన్ను తిట్టలేదు. అప్పుడు భయమేసింది నాకు.

"ఆ పిల్ల మొన్న ఏమందీ?" అడిగింది అమ్మ, ఎవరినీ చూడకుండా. "ఖాతాదారు స్వయంగా ముఖం చూపిస్తే చాలంది కదా."

తాతని మా గోధుమరంగు గుర్రం మీదకి ఎక్కించి, వెనక నాన్న కూర్చుని పట్టుకున్నాడు. నెలన్నరగా దిండుకి ఆనించినా జారిపోయే మనిషి, జీను తగలగానే నడుము నిటారుగా పెట్టాడు. నడుముకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. గుట్ట కొసన రగ్గు పరిచి, జీనుకి ఆనించి కూర్చోబెట్టాం. గాలి కోసేస్తోంది. అమ్మ ఫోను ఆయన ముఖానికెదురుగా పట్టుకుంది.

"టోపీ తీయండి," అంది ఫోనులో పిల్ల. తీశాం.

"ఎడమవైపు తిరగండి." తిరిగాడు.

"కళ్ళు ఆర్పండి." ఒకటి ఆరింది.

"చిరునవ్వు నవ్వండి."

మా తాత బాగున్నరోజుల్లోనే ఏడాదికోసారి నవ్వేవాడు, అదీ గుర్రప్పిల్ల పుడితే. అయినా ప్రయత్నించాడు. ఎడమ సగం నవ్వింది. కుడి సగం వేలాడుతూ ఉండిపోయింది.

"ముఖం సరిపోలలేదు. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి."

నేను పక్కనుంచి చెయ్యి పెట్టి ఆయన కుడి బుగ్గని వేలితో పైకి తోశాను.

"తెరపై అన్య వ్యక్తి వేలు ఉంది. దయచేసి తొలగించండి."

తొలగించాను. తాత కంట్లోంచి నీళ్ళు కారాయి. గాలికో ఏమో. నానమ్మ తన తలగుడ్డ కొసతో తుడిచింది. "ముఖం మారిపోతే మనిషి మారిపోతాడటే దొంగముండా?" అంది ఫోనుతో.

"మా ప్రతినిధితో మాట్లాడేందుకు వేచి ఉండండి," అంది అది. ఫోను నా చేతికొచ్చింది, నేను మళ్ళీ ఒంటికాలి స్తంభం. మళ్ళీ కోముజ్. మా కుక్క అందుకుంది.

పాట సగంలో తెగింది. "హలో, నా పేరు మిర్లాన్, చెప్పండి," అన్నాడెవరో మగమనిషి. నిజం మనిషి! నేను ఒంటికాలి మీద నుంచి పడబోయి నిలదొక్కుకున్నాను. నాన్న కథంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. పక్షవాతం, పాలు, ఫోను, మంచు, రెండు కనుమలు.

"అయ్యో అన్నా," అన్నాడు మిర్లాన్. "మాది కూడా కొండప్రాంతమే. నాకు తెలీదా మంచు సంగతి? ఫోను మాత్రం పెట్టెయ్యకండి. పెట్టేస్తే నేను మళ్ళీ దొరకను. ఆగండి చూస్తాను... ఆఁ, నమ్మకస్తురాలని బాత్మా అని ఉందిక్కడ. ఉన్నారా?"

"ఉన్నాను తమ్ముడూ," అంది అమ్మ.

"అక్కా, బతికించావు. ఇంకేం లేదు. యంత్రం అడిగినప్పుడు ఖాతాదారు పూర్తి పేరు నీ గొంతుతో చెప్పు. అంతే. మ్యాపు తెరుచుకుంటుంది."

అమ్మ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా? ఉన్నావా?"

"ఆయన మా మామగారు," అంది అమ్మ.

"హుఁ," అన్నాడు మిర్లాన్.

"నువ్వే అనెయ్యి నాయనా, నీకు అడ్డేముంది?" అంది నానమ్మ.

"నా గొంతుకి అధికారం లేదు అమ్మమ్మా. నాకర్థమైంది. మా అమ్మ కూడా మా తాత పేరు ఇంతవరకూ అనలేదు. కానీ వినేది నేను కాదు కదా, మిషను. మూడుసార్లే వింటుంది. మూడూ తప్పితే ఖాతా మూసేస్తుంది. తరవాత మా డైరెక్టరొచ్చినా తెరవలేడు."

నేను అమ్మ వంక చూసి నా గొంతు సవరించుకున్నాను. లోయలో నా ప్రతిభ అందరికీ తెలిసిందే. నేను అమ్మ గొంతుతో 'తిండికి రా' అంటే నాన్న పొలిమేర నుంచి పరిగెత్తుకొస్తాడు. నానమ్మ గొంతుతో దగ్గితే సుయున్‌బాయ్ బాబాయి సిగరెట్టు పారేస్తాడు.

"ఒకటి నాకివ్వండి," అన్నాను. తాత వైపు చూడకుండా, ఇంతవరకూ నేనూ అనని ఆ పేరుని అమ్మ గొంతుతో గబగబా అనేశాను.

"మీరు బాత్మా కాదు," అంది యంత్రం. తియ్యగా.

"సిగ్గులేదే," అంది నానమ్మ. నన్నో, యంత్రాన్నో.

అమ్మ పెదవులు తడుపుకుంది. "ఇటివ్వు," అని ఫోను దగ్గరికి వంగింది. కళ్ళు మూసుకుంది. "మా ఇంటి పెద్దాయన... ఆ గట్టివారు... మా ఆయన నాన్నగారు," అంది.

"గొంతు సరిపోలింది. పేరు సరిపోలలేదు. మీకు ఒక్క అవకాశం మాత్రమే ఉంది."

నాన్న కనుమల వైపు చూశాడు. దక్షిణం కనుమ సగం కనిపించడం లేదు. తూర్పుది అసలే లేదు. "బాత్మా," అన్నాడు మెల్లిగా, "నేను నిన్ను అడగను. ఏదో ఒక కనుమ ఎక్కుతాను. దేవుడు ఎటు చూపిస్తే అటు."

"దేవుడికి లైసెన్సుందా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అమ్మ నానమ్మ వైపు చూసింది. ఈ ఇంట్లో కోడలి నాలుకకి కాపలా మా నానమ్మే. అమ్మ కొత్తగా వచ్చినప్పుడు రైలుపట్టాలని పొరపాటున ఇనప దారి అన్నందుకు ఒక వారం మాట్లాడలేదట. కళ్ళెర్రజేస్తుందనుకున్నాను. నానమ్మ చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పుకుంది.

"పాడు గాలి," అంది గట్టిగా. "పొద్దున్నించీ నా చెవులు రెండూ దిబ్బళ్ళు పడ్డాయి. ఒక్క ముక్క వినపడి చావట్లేదు."

పక్క గుడారంలో పిండిసంచీలో ఎలుక కదిలితే మేలుకునే మనిషి. తలగుడ్డ రెండు చుట్లు చెవుల మీదుగా బిగించి కట్టుకుని, వీపు మాకు తిప్పి, మంచు పడుతున్న వైపు నడిచి నిలబడింది. నాన్న గుర్రం దగ్గరికి వెళ్ళి బిగువుగా ఉన్న జీను పట్టీని మళ్ళీ బిగించడం మొదలెట్టాడు. గుర్రం ఆశ్చర్యపోయి చూసింది. నేనెక్కడికి పోను? స్తంభాన్ని.

అమ్మ లేచి తలగుడ్డ సరిచేసుకుంది. తాత ఎదురుగా వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, కొత్తకోడలు మొదటిరోజు అత్తవారింట వంగినట్టు వంగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, మళ్ళీ. తాత ఎడమ కన్ను ఆవిడనే చూస్తోంది.

"ఖాతాదారు పేరు స్పష్టంగా చెప్పండి," అంది యంత్రం.

అమ్మ ఏదో అంది. పక్కనున్న నాకే వినపడలేదు.

"క్షమించండి. గాలి శబ్దం ఎక్కువగా ఉంది. బిగ్గరగా చెప్పండి."

"అది లెక్కలోకి రాదక్కా," అన్నాడు మిర్లాన్ మెల్లగా. "ఇంకా ఉంది. గట్టిగా అను."

"ఒస్మోనోవ్ తెమిర్బెక్ ఒస్మోనోవిచ్!"

పాలు పితికేటప్పుడు తప్ప గొంతెత్తని మా అమ్మ అరిచింది. గుట్ట ఆ పేరుని తీసుకుని ఎదుటి కొండకి కొట్టింది. ఎదుటి కొండ తిప్పి పంపింది.

"ఏం, బిడ్డా?" అన్నాడు తాత.

మాట బొంగురుగా, సగం నోటితో, పక్కకి జారి వచ్చింది. అయినా మాటే. పిలిస్తే పలికే మాట. గుర్రం దగ్గర నాన్న చేతులు పట్టీ మీద ఆగిపోయాయి. మంచు వైపు నిలబడ్డ నానమ్మ, ఒక్క ముక్క వినపడని నానమ్మ, రెండు చేతుల్తో నోరు మూసుకుంది.

"ధన్యవాదాలు. మీ గుర్తింపు పూర్తయింది," అంది యంత్రం.

అమ్మ రగ్గు మీద కూలబడి తాత మోకాలు పట్టుకుంది. ఏం బిడ్డా అని అడిగాడు కదా, ఏం చెప్పాలో తెలీక, "గుర్రాలు మామయ్యా," అంది. "గుర్రాల కోసం పిలిచాను. ఏమనుకోకండి."

దక్షిణం కనుమ అవతల రెండు పచ్చచుక్కలు మెరిశాయి.

నాన్నా సుయున్‌బాయ్ బాబాయీ ఆ క్షణానే వెళ్ళారు. తిరిగొచ్చేదాకా మాకు గుడారం పైన మంచు దులుపుకోవడంతోనే సరిపోయింది. కనుబొమ్మలు తెల్లగా గడ్డకట్టి, ఇద్దరు ముసలాళ్ళలా వచ్చారు. పోతుగుర్రం వెనక మంద వచ్చింది, డొక్కలు లెక్కపెట్టుకునేలా. అన్నీ రాలేదు. ఆలస్యంగా పుట్టిన పిల్లలు కొన్ని కనుమ మీదే ఆగిపోయాయి. ముందు నడిచే ముసలి ఆడగుర్రం రాలేదు. దాని చుక్క మాత్రం చాలా రోజులు ఒకేచోట పచ్చగా మెరుస్తూనే ఉంది. దాని కింద యాప్, 'మీ జంతువు విశ్రాంతిలో ఉంది' అని రాసింది. అది తీసెయ్యడానికి ఖాతాదారు అనుమతి కావాలట. ఎవరం అడగలేదు.

తాత ఆ మాట తప్ప ఇంకో మాట అనలేదు. నానమ్మ 'ఇదుగో, నిన్నే' అంటే పలకడు. నాన్న 'నాన్నా' అంటే చూస్తాడు, పలకడు. ఎవరూ లేకుండా చూసి ఒకసారి నేనే అమ్మ గొంతుతో ఆ పేరు అన్నాను. ఎడమ కన్ను చిట్లించి, ఆ యంత్రం చూసినట్టే చూశాడు నన్ను. అమ్మ మాత్రం గుట్ట మీది మాట గుట్ట మీదే వదిలేసింది. పొయ్యి చట్రం మళ్ళీ గట్టిదే. గడ్డపార గట్టిదే.

సెప్టెంబరులో కిందకి ఊళ్ళోకి దిగాం. ఊళ్ళో సిగ్నల్ ఇంటినిండా ఉంటుంది. పొయ్యిలో తల పెట్టినా ఐదు గీతలు. చక్రాలకుర్చీలో తాత, వాకిట్లో మంద. చుక్కలు చూసే పనే లేదు.

మొదటివారం ఒక పొద్దున అమ్మ తాతకి శాలువా కప్పింది. "ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు," అంది ఎవరితోనో. "గడ్డివాము వెనక్కి తీసుకెళ్ళొస్తాను." కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఫోను బల్ల మీదే ఉంది.

"అమ్మా, ఫోను..." అని నేను లేవబోయాను. నానమ్మ నా జడ పట్టుకుని కూర్చోబెట్టింది. రొట్టెల మీది గుడ్డ తీసి ఫోను మీద కప్పింది. తలగుడ్డ విప్పి చెవుల మీదుగా రెండు చుట్లు చుట్టుకుంది.

"ఊళ్ళోక్కూడా వచ్చేసిందే పాడు గాలి," అంది. బయట ఆకు కదలడం లేదు. "నీక్కూడా చెవుడే. తెలిసిందా?"

"ఏంటీ?" అన్నాను.

"అలా ఉండు," అని టీ పోసింది.

గడ్డివాము వెనక ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచారు. ఎవరో పలికారు. నాకేం వినపడలేదు.